కళ్లజోడున్నా కంట్రోల్ నాదే

మీ కాలేజీలో ఎన్‌సీసీ ఉందా? ఎన్‌సీసీ అంటే పరేడ్, పాలిష్ పెట్టిన బూట్లు, అయ్యాక ఇచ్చే టిఫిన్... అంతే అనుకుంటున్నారా? అందులో ఎయిర్ వింగ్ అని ఒకటుంది. ఆ క్యాడెట్లని వైమానిక దళం పైలట్లు పక్కన కూర్చోబెట్టుకుని గాల్లోకి తీసుకెళ్తారు. టికెట్ లేదు, ఫీజు లేదు.

నాకు ఆ ఛాన్స్ బీఎస్సీ సెకండియర్‌లో వచ్చింది. లిస్టులో పేరు చూడగానే సంతోషం కంటే ముందు డౌటొచ్చింది. నా కళ్లజోడు పవర్ మైనస్ నాలుగున్నర. ఈ చూపుతో ఎయిర్‌ఫోర్స్ పైలట్ అవ్వలేనని అప్పటికే తెలుసు. మరి ఈ సీటు నాకెందుకు? అయ్యే ఛాన్స్ ఉన్నవాళ్లకి ఇవ్వొచ్చు కదా?

ఇంట్లోనూ అదే గోల. ఫారం మీద ఇంట్లోవాళ్ల సంతకం కావాలి. మేనమామ చూసి, "ఎగిరొస్తే ఏమొస్తది బిడ్డా? నౌకరీ ఇస్తరా?" అన్నాడు. అమ్మ ఒక్కటే అడిగింది: "నడిపేటాయన మంచిగ నడుపుతడా?" ఎయిర్‌ఫోర్స్ ఆఫీసరమ్మా అన్నా. సంతకం పెట్టేసింది. మా ఇంట్లో అప్పటిదాకా విమానం ఎక్కినవాళ్లే లేరు.

విమానం పేరు పిపిస్ట్రెల్ వైరస్. స్లొవేనియా కంపెనీది. 2015లో మనవాళ్లు 194 ఆర్డరిస్తే, 110 ఎన్‌సీసీ కోసమే. పక్కపక్కన రెండే సీట్లు, 80 హార్స్‌పవర్ ఇంజిన్. ఇద్దరు కూర్చుని, పెట్రోలు నింపినా బరువు ఐదొందల కేజీలు దాటదు. ఆల్టో కారు ఖాళీగా ఉన్నా ఇంతకంటే ఎక్కువే తూగుతుంది!

సికింద్రాబాద్ అవతలున్న ఎయిర్‌ఫీల్డ్‌కి చీకటితోనే చేరాం. ఎండెక్కితే నేల వేడికి గాలి పైకి లేస్తుంది. ఇంత తేలికైన విమానం అప్పుడు బాగా కుదుపులకి లోనవుతుంది. అందుకే పొద్దున్నే ఎగరాలి.

పైకి లేచాక శామీర్‌పేట చెరువు చేతి అద్దమంత కనిపించింది. ఫొటో తీద్దామంటే ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేశారు. ఇంతలో హెడ్‌సెట్‌లో సార్ గొంతు: "యూ హావ్ కంట్రోల్." బ్రీఫింగ్‌లో నేర్పినట్టు "ఐ హావ్ కంట్రోల్" అని బదులిచ్చి స్టిక్ పట్టుకున్నా. గట్టిగా బిగిస్తే ముక్కు పైకీ కిందకీ ఊగింది. "వేళ్లతో పట్టుకో చాలు, అదే ఎగురుతుంది" అన్నారు. పట్టు వదులు చేశా. నిజంగానే సర్దుకుంది. ఓ రెండు నిమిషాలు అది నా చేతిలో ఉంది. కళ్లజోడు సంగతి ఆ రెండు నిమిషాల్లో గుర్తే రాలేదు.

దిగాక ఇంకోటి గమనించా. మా ముందే ఇంజిన్ కవరు తెరిచి చెక్ చేసినాయనకి కళ్లజోడుంది. పొద్దున గాలి ఎటు వీస్తోందో, మబ్బు ఎంతుందో చెప్పినామెకీ ఉంది. "టేకాఫ్ తీసుకోండి" అని హెడ్‌సెట్‌లో వినిపించిన గొంతు టవర్‌లో కూర్చున్నవాళ్లది. వాళ్లు సరే అనకపోతే మా విమానం రన్‌వే కూడా ఎక్కదు. గాల్లో ఇద్దరం ఉండాలంటే నేల మీద ఎంతమంది ఉండాలో అప్పుడు అర్థమైంది. ఆ సీటు ఒక్క పైలట్లకోసమే కాదని కూడా!

మామయ్య అన్నట్టే, ఎగిరొచ్చినందుకు ఎవరూ నౌకరీ ఇవ్వలేదు. కానీ మ్యాథ్స్, ఫిజిక్స్‌తో బీఎస్సీ చేసినవాళ్లు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ పోస్టుకి పరీక్ష రాయొచ్చని ఆ తర్వాతే వెతికి తెలుసుకున్నా. ఇప్పుడు దానికే చదువుతున్నా. రావచ్చు, రాకపోవచ్చు. పోటీ మామూలుగా లేదు మరి.

మీ దగ్గర ఎయిర్ వింగ్ ఉంటే ఫస్టియర్‌లోనే చేరండి. సి సర్టిఫికెట్‌కి మూడేళ్లు పడుతుంది, ఆలస్యమైతే కుదరదు. లిస్టులో పేరొస్తే మాత్రం "నాకెందుకులే" అనకండి. కళ్లజోడుంటే గట్టిగా తుడుచుకుని ఎక్కండి. పైనుంచి చూడాల్సింది చాలా ఉంది.