బొటనవేలి కింద నల్లమల

గిద్దలూరులో నంద్యాల వైపు రైలెక్కితే దిగువమెట్ట దాటాక ఏమవుతుందో మీకు తెలుసు. సొరంగాలు మొదలవుతాయి. వానలు పడ్డాక అయితే లోయంతా పచ్చగా కమ్ముకొస్తుంది. అప్పటిదాకా కూర్చున్న కుర్రాళ్లు లేచి తలుపు దగ్గర చేరతారు, చేతుల్లో ఫోన్లు నిలువుగా లేస్తాయి. ఏ పాట పెట్టాలో ముందే అనుకొని ఉంటారు. అడవి దాటేసరికి రీల్ సిద్ధం. కంభం చెరువు కట్ట మీదా, దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్ మలుపుల్లోనూ, శనివారం నెమలిగుండ్ల రంగస్వామి గుడి దగ్గరా ఇదే వరస.

దీన్ని చూసి విసుక్కునే పెద్దలతో నాకు పేచీ ఉంది. మన పాత ప్రకాశం జిల్లా పడమటి ప్రాంతాన్ని ఇంతకుముందు ఎవరు చూశారు చెప్పండి? 1970లో ఆ జిల్లా ఒంగోలు పేరుతో ఏర్పడ్డప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు నుంచి విడిపోయి అందులో కలిశాయి. అటు సీమవాళ్లమూ కాము, ఇటు కోస్తావాళ్లూ పూర్తిగా మావాళ్లనరు. పత్రికలో మన పేరు కనబడితే కరువు వార్తలోనో, ఫ్లోరైడ్ నీళ్ల వార్తలోనో కనబడేది. మన యాసను సినిమాలు పెద్దగా పట్టించుకున్నదీ లేదు. అలాంటిది ఇవాళ మిరప చేలో నిలబడి ఒకామె తన మాటలో తాను మాట్లాడుతుంటే ఎక్కడెక్కడివాళ్లో ఆగి వింటున్నారు. జగిత్యాల దగ్గర లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో యూట్యూబ్ చానల్ గంగవ్వను ఊరూరా తెలిసిన మనిషిని చేసింది. ఆమె పెద్దగా చదువుకోలేదు. ఏ స్టూడియో గేటు దగ్గరా నిలబడలేదు. ఆ వీడియోలు నిడివిగలవే, నిజమే. కానీ పల్లె మాటకు వినేవాళ్లున్నారని అవి తేల్చాయి. ఈ వీడియోల ఆకర్షణను చులకన చేసి మాట్లాడేవాళ్లకు పల్లెల్లో ఎంత కాలంగా ఎంత మాట నోట్లోనే ఆగిపోయిందో తెలియదని నా నమ్మకం.

ఇదంతా ఎంత వేగంగా జరిగిందో ఒకసారి తలుచుకోండి. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, డేటా చవకైంది. తర్వాత టిక్‌టాక్ ఊళ్లలోకి దిగింది. 2020 జూన్ 29న ప్రభుత్వం దాన్ని మరో 58 యాప్‌లతో కలిపి నిషేధించింది. జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ తెచ్చింది. సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మొదలైంది, అదీ ప్రపంచంలో మొదట మన దేశంలోనే. ఒక దుకాణం మూసేసరికి పక్కనే రెండు తెరుచుకున్నాయి. చూసే అలవాటు మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఈ ఫీడ్ మీ గురించి ఏం తెలుసుకుంటుంది? మీరు ఎవర్ని ఫాలో అవుతున్నారన్నది దానికి అంత ముఖ్యం కాదు. వేలు ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది, చివరిదాకా చూశారా, మళ్లీ చూశారా, ఎవరికి పంపారు, ఇవే దానికి కావాలి. ఇష్టపడి ఆగారో, కోపంతో ఆగారో, భయపడి ఆగారో దానికి పట్టదు. ప్రమాదం వీడియో దగ్గర మీరు గుండె దడదడలాడి ఆగితే, ఇలాంటిది ఇంకోటి కావాలని అడిగినట్టే అది లెక్కేసుకుంటుంది. ఆ వచ్చేది బాగుంటుందో లేదో ముందు తెలియదు. పది చెత్తవి పోయాక ఒకటి భలేగా ఉంటుంది. ఆ ఒక్కదాని కోసమే వేలు కదులుతూ ఉంటుంది. పుస్తకానికి ఆఖరి పేజీ ఉంది, సినిమాకు శుభం కార్డు ఉంది. దీనికి చివరంటూ లేదు. కాబట్టి రాత్రి పన్నెండైనా పడుకోని పిల్లవాణ్ని ‘నీకు బుద్ధి లేదు’ అని తిట్టడం న్యాయం కాదు. వాడు ఒంటరిగా పోరాడుతున్నది చదువుకున్న ఇంజనీర్లు వేలమంది కూర్చొని తయారుచేసిన యంత్రంతో.

ఇంకో ప్రమాదం డబ్బుది. మొన్నమొన్నటిదాకా రీల్స్‌లో నవ్వుతూ కనబడినవాళ్లే బెట్టింగ్ యాప్‌లను మన పిల్లల చేతిలో పెట్టారు. ‘ఈ లింక్ నొక్కండి, రోజుకింత సంపాదించండి’ అన్నారు. 2025 మార్చిలో హైదరాబాద్‌లో పోలీసులు పేరున్న యూట్యూబర్ల మీద, నటుల మీద కేసులు పెట్టేదాకా చాలామంది తల్లిదండ్రులకు ఈ సంగతే తెలియదు. ఆ ఆగస్టులోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. మంచి పనే. కానీ ఫీడ్‌లో తెలిసిన ముఖం చెప్పిన మాటను ఇంట్లో మనిషి మాటలా నమ్మే గుణం చట్టంతో పోదు.

పేరు రావడం కూడా అన్నిసార్లూ మేలు చేయదు. హైదరాబాద్ మాదాపూర్‌లో రోడ్డు పక్కన అన్నం అమ్ముకునే కుమారి ఆంటీ సంగతి గుర్తుంది కదా. 2024 జనవరిలో రీల్స్ చూసి జనం పోటెత్తారు, ట్రాఫిక్ ఆగింది, పోలీసులు బండి తీయించారు. చివరికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలగజేసుకుంటే గానీ ఆమె మళ్లీ అక్కడ వడ్డించలేకపోయింది. అన్నం అదే, చెయ్యి అదే. పొట్టకూటి పని కాస్తా వారం రోజుల్లో రాష్ట్ర సమస్య అయింది.

అయితే నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టేది వేరే ఉంది. మన ప్రాంతం కష్టాలన్నీ నిడివిగలవి. వెలిగొండ ప్రాజెక్టునే తీసుకోండి. 1996లో శంకుస్థాపన. శ్రీశైలం జలాశయం దగ్గర కొల్లంవాగు నుంచి కృష్ణ నీళ్లను తేవడానికి నల్లమల కింద సుమారు 19 కిలోమీటర్ల చొప్పున రెండు సొరంగాలు. మొదటిదాని తవ్వకం 2021లో, రెండోదానిది 2024లో పూర్తయింది. నిండితే 43.5 టీఎంసీలు, 4.47 లక్షల ఎకరాలకు సాగునీళ్లు, 15 లక్షల మందికి తాగునీళ్లు. దాని కోసం ఊళ్లు వదలాల్సినవాళ్ల పరిహారం అదొక పెద్ద కథ. పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న ఈ పథకం కోసం ఎదురుచూసిన కుర్రాళ్లకు ఇప్పుడు మనవళ్లున్నారు. దీన్ని 30 సెకన్లలో ఎలా చెబుతారు? సొరంగం మీద డ్రోన్ తిప్పి పైన పాట పెడితే చూడ్డానికి బాగుంటుంది, నీళ్లు వచ్చేశాయనిపిస్తుంది. వేలు కదులుతుంది. తర్వాతది పిల్లి వీడియో.

మార్కాపురం పలకల గనులూ అంతే. రాయి పొరలు పొరలుగా చీలే తీరు కెమెరాకు ముచ్చటగా ఉంటుంది. ఆ దుమ్ము పీలుస్తూ బతుకు వెళ్లదీసినవాళ్ల ఊపిరి సంగతి ఆ ముచ్చటలో పట్టదు.

అలాగని ఫోన్లు పారేయమని నేను చెప్పను. అది జరిగే పని కాదు, జరగనక్కర్లేదు కూడా. షార్ట్స్‌కూ, రీల్స్‌కూ ఇప్పుడు 3 నిమిషాల దాకా నిడివి ఇచ్చారు. యూట్యూబ్‌లోనూ, ఇన్‌స్టాగ్రామ్‌లోనూ రోజుకు ఇంతసేపే అని గీత గీసుకునే ఏర్పాటు సెట్టింగుల్లో ఉంది. పిల్లల ఫోన్‌లో పెట్టేముందు మీ ఫోన్‌లో పెట్టుకోండి, అప్పుడే వాళ్లు మీ మాట వింటారు. ఇక తీసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా విన్నపం ఇది. రైలు తలుపు దగ్గర వేలాడకండి, లోపల కిటికీ నుంచి కూడా నల్లమల బాగానే కనబడుతుంది. కంభం చెరువు మీద సూర్యాస్తమయం తీసిన తర్వాత, కట్ట కింద మడిలో ఉన్న రైతు దగ్గరికి దిగండి. చెరువు నిండిన ఏడు ఎట్టా ఉండేదో, ఎండిన ఏడు ఎట్టా గడిచిందో అడిగి ఆయన మాటల్లోనే 3 నిమిషాలూ ఉంచండి, పాట పెట్టకుండా. చూసే మేము చివరిదాకా చూస్తాం, పదిమందికి పంపుతాం.