రెండు సబ్‌వూఫర్లు, నాలుగు కాయిళ్లు

క్రైస్ట్‌చర్చ్‌లో బ్లెన్‌హైమ్ రోడ్డు దగ్గర ఒక సందులో ఉంది ఆ షెడ్డు. కార్లకు ఆడియో బిగిస్తారు. ఈ ఊళ్లో చాలా కార్లు జపాన్‌లో కొన్నేళ్లు తిరిగి ఓడెక్కి వచ్చినవే. అక్కడి పాత రేడియోలు 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే పట్టుకుంటాయి, ఇక్కడి ఎఫ్‌ఎం 88 నుంచి 108 దాకా. అందుకని కారు కొన్నవాళ్లు ముందు రేడియో కోసం ఇలాంటి చోటికి వస్తారు. బాస్ పిచ్చి ఆ తర్వాత అంటుకుంటుంది.

నన్ను తీసుకెళ్లిన గుంటూరు కుర్రాడికి బాగానే అంటుకుంది. డిక్కీలో రెండు సబ్‌వూఫర్లు, ఒక్కోదానికి 4 ఓమ్‌ల కాయిళ్లు రెండేసి. ఆంప్ 2 ఓమ్‌ల దగ్గర వెయ్యి వాట్లు ఇస్తుంది, అంతకన్నా కిందికి దింపొద్దని దాని మీదే రాసుంది.

యాభై దాటిన కివీ మెకానిక్ అట్టముక్క మీద గీసి చూపించాడు. నాలుగు కాయిళ్లూ ప్యారలల్‌లో కలిపితే 1 ఓమ్. అన్నీ సిరీస్‌లో పెడితే 16. ఒక్కో స్పీకరులో రెండు కాయిళ్లను సిరీస్ చేసి, ఆ రెండు స్పీకర్లను ప్యారలల్ చేస్తే 4. ఎలా తిప్పినా సరిగ్గా 2 మాత్రం రాదు. అది కావాలంటే 2 ఓమ్‌ల కాయిళ్లున్నవి కొనాల్సింది. అంటే వైరు పట్టుకోకముందే, కొట్లో బిల్లు కట్టినప్పుడే లెక్క తేలిపోయింది. మా వైపు మైక్‌సెట్ వాళ్లను అడిగితే ఈ మాట ముందే చెప్పేవారు. 16 ఓమ్‌ల హారన్ యూనిట్లు రెండు కలిపితే 8, నాలుగు కలిపితే 4 అని వాళ్లకు నోటికొచ్చు.

“1 ఓమ్‌కే పెట్టించేద్దాం అన్నా, సౌండ్ ఎక్కువొస్తుంది,” అని కుర్రాడు నాతో గొణిగాడు. నేను ఇంగ్లీషులో అడిగితే మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. వోల్టేజీ అదే ఉండి ఓమ్‌లు సగమైతే కరెంటు రెట్టింపవుతుంది, ఆ వేడికి ట్రాన్సిస్టర్లు ఆగవు. 4 ఓమ్‌లకే బిగిస్తానన్నాడు. అప్పుడు వచ్చేది దాదాపు సగం పవర్.

కుర్రాడి ముఖం వాడిపోయింది కానీ, సగం వాట్లంటే సగం సౌండ్ కాదు. తగ్గేది 3 డెసిబెల్స్, చెవికి కాస్త తగ్గినట్టుంటుందంతే. సౌండ్ రెట్టింపైందని అనిపించాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. పైగా పక్కపక్కనే రెండు కోన్లు కలిసి కదిలితే, అదే పవర్‌కు ఒక్కదానికన్నా 3 డెసిబెల్స్ దాకా ఎక్కువొస్తుంది. ఓమ్‌ల దగ్గర పోయింది కోన్ల దగ్గర వచ్చేస్తోంది.

కలిసి కదలాలన్నదే షరతు. ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ పోతే బాస్ ఒకదాన్నొకటి మింగేసుకుంటుంది. అందుకని అతను పెన్సిల్ సెల్ వైర్లకు తాకించి, రెండు కోన్లూ బయటికే ఉబ్బుతున్నాయా అని చూశాడు. తర్వాత మల్టీమీటర్ పెడితే 3.5 వచ్చింది. కుర్రాడు కంగారుపడ్డాడు. మీటర్ చూపేది తీగ రెసిస్టెన్స్ మాత్రమే, అది పేరుకు చెప్పే ఓమ్‌ల కన్నా కొంచెం తక్కువే ఉంటుంది. పాట మొదలైతే ఇంపీడెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి మారుతూ పోతుంది.

“వీటిని అమ్మేసి 2 ఓమ్‌లవి కొననా అన్నా?”

మెకానిక్‌కు ఇంగ్లీషులో చెప్పాను. అతను ఎర్త్ వైరు పట్టి చూపించాడు. వెయ్యి వాట్లు కావాలంటే బ్యాటరీ నుంచి 90 ఆంపియర్ల దాకా లాగాలి, ఈ సన్నటి వైరు దానికి చాలదు, ముందు ఇది మార్చుకోమన్నాడు. ఆ వైరు బిగించిన బోల్టు కింద పెయింట్ కూడా గీకలేదు, మొన్న కుర్రాడు సొంతంగా బిగించుకున్నదట.