కొత్త కుండ, కొత్త డిస్కు

మా నాన్నమ్మ సంతలో కుండ కొనే తీరు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్లుంది. ముందు కుండను వెలుతురుకు పట్టి లోపలికి చూసేది. తర్వాత మడిచిన వేలి కణుపుతో పక్కన కొట్టి, చెవి ఒగ్గి వినేది. ఖంగుమంటే మంచిది, మోత మూగబోతే ఎక్కడో పగులున్నట్లు. అంతటితో నమ్మేది కాదు. ఇంటికి తెచ్చాక అంచుదాకా నీళ్ళు పోసి, రాత్రంతా ఉంచి, తెల్లవారాక ఎంత తగ్గాయో చూసేది.

ఈమధ్య మా కంప్యూటరులో హార్డు డిస్కు మార్చవలసి వచ్చినప్పుడు ఆమె పదేపదే గుర్తుకు వచ్చింది. అందుకు మరో కారణమూ ఉంది. ఆ పాత డిస్కులో ఉన్నది ఆమె గొంతే. 1994 వేసవి సెలవుల్లో ఆమె చేత పాడించి టేపురికార్డరులో పట్టుకున్న 41 స్త్రీల పాటలవి. తర్వాత వాటిని కంప్యూటరుకు ఎక్కించాను. క్యాసెట్లు బూజు పట్టిపోయాయి. మరో ప్రతి తీసి పెట్టుకోవాలని ఏటా అనుకున్నాను. ఏటా వాయిదా వేశాను.

2013లో కొన్న ఆ డిస్కు ఉన్నట్లుండి కటకటమనడం మొదలుపెట్టింది. హార్డు డిస్కులు తమ ఆరోగ్యాన్ని తామే లెక్క రాసుకుంటాయి. ఆ లెక్కనే స్మార్ట్ అంటారు. తెరిచి చూద్దును కదా, అయిదో వరుసలో 112. అంటే చెడిపోయిన 112 సెక్టార్లకు బదులుగా డిస్కు తన దగ్గరున్న అదనపు చోటును వాడుకున్నదన్నమాట. 197వ వరుసలో 24. ఇవి చదవబోతే చదవనివ్వక, ఎటూ తేలక మిగిలిన సెక్టార్లు. వెంటనే దాన్ని ఆపి, ఊడదీసి, గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను.

మర్నాడు కొత్త డిస్కు కొని తెచ్చాను. "ముందు పాటలు కాపీ చేసేయకూడదూ నాన్నా?" అన్నాడు మా అబ్బాయి. "నీళ్ళు పోసి చూడని కుండలో పాలు పోస్తామా?" అన్నాను. వాడు నవ్వాడు. కాని వాడి మాటలోనూ న్యాయం లేకపోలేదు. ఆపిన పాత డిస్కు మళ్ళీ తిరుగుతుందన్న హామీ ఏముంది? ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

కొత్త డిస్కు లెక్కలో అన్నీ సున్నాలే. చూసి మురిసిపోయాను. తర్వాత అనిపించింది: ఇంకా ఏమీ రాయని డిస్కులో తప్పులు లేకపోవడం వింతేమిటి? ఖాళీ కుండ కారదు కదా! అందుకని బ్యాడ్‌బ్లాక్స్ అనే పనిముట్టుతో డిస్కు మొత్తాన్నీ నాలుగు రకాల అంకెల నమూనాలతో నింపి, నింపిన ప్రతిసారీ తిరిగి చదివించాను. ఇది డిస్కులో ఉన్నదంతా చెరిపేస్తుంది గనుక మన సామాను ఎక్కించక ముందే చేయాలి. ఒక టెరాబైటుకు ఒక పగలూ ఒక రాత్రీ పట్టింది.

తెల్లవారి చూస్తే అయిదో వరుస సున్నా, 197వ వరుస సున్నా. కాని 199వ వరుసలో 17! గుండె జారింది. తిరిగి ఇచ్చేద్దామని డిస్కును పెట్టెలో సర్దుతూ, ఆ వరుస అర్థమేమిటో మరోసారి చదివాను. అది డిస్కుకూ బోర్డుకూ మధ్య దారిలో చెడిన సమాచారపు లెక్క. తప్పు చాలాసార్లు కేబులుది. నేను తగిలించినది పాత డిస్కు కేబులే. కొత్తది వేసి మళ్ళీ పరీక్షించాను. పదిహేడు పదిహేడుగానే నిలిచింది. ఆ సంఖ్య ఇక తగ్గదు, పెరగకపోతే చాలు. కొన్ని మచ్చలంతే.

అప్పుడు పాత డిస్కును బయటికి తీశాను. తిరిగింది. డీడీరెస్క్యూతో ముందు సులువుగా వచ్చేవన్నీ, తర్వాత మొరాయించేవీ రాబట్టాను. నలభై పాటలు దక్కాయి. నలభై ఒకటోది 'ఊర్మిళాదేవి నిద్ర'. సగం దగ్గర ఆగిపోయింది. ఆ పాట అచ్చు పుస్తకాల్లో దొరుకుతుంది. కాని మధ్యలో దగ్గి, "ఉండరా, గొంతు తడుపుకోనీ" అన్న మాట ఏ పుస్తకంలోనూ దొరకదు. పరీక్ష కోసం ఆగిన ఆ ఒక్క రోజులోనే అది పోయిందా, అంతకు ముందే పోయిందా అన్నది ఇక తేలే విషయం కాదు. వాయిదా వేసిన సంవత్సరాల ముందు ఆ ఒక్క రోజు ఏపాటి అని సరిపెట్టుకుంటున్నాను.

ఇంత పరీక్షించినా పూచీ లేదు. గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రచురించిన పత్రంలో, చెడిపోయిన వాటిలో 56 శాతం డిస్కులు నాలుగు ముఖ్యమైన స్మార్ట్ సూచికల్లో ఏ ఒక్కదానిలోనూ ముందస్తు హెచ్చరిక ఇవ్వలేదని తేలింది. లెక్కలో చెడు కనిపిస్తే నమ్మాలి. మంచి కనిపిస్తే మాత్రం పూర్తిగా నమ్మకూడదు.

అందుకే నలభై పాటలనూ, ఆ సగం పాటనూ మరో డిస్కుకు ఎక్కించి విశాఖపట్నంలోని మా చెల్లెలికి పంపాను. ఇప్పుడు గుర్తొస్తోంది, అంత జాగ్రత్తగా పరీక్షించి తెచ్చిన కుండ పక్కన కూడా నాన్నమ్మ ఎప్పుడూ రెండో కుండ నింపి ఉంచేది.