వేరుగా వున్నవారి పట్ల భయం: నవలలోను, చట్టంలోను

రానున్న లోకాన్ని నరకంగా చిత్రించే నవలలంటే మన విమర్శకులకు మొదటినుంచీ ఒక అనుమానం వుంది. డిస్టోపియా అనే పేరుతో చలామణీ అయ్యే ఈ సాహిత్యం ప్రజలకు భవిష్యత్తు మీద వున్న నమ్మకాన్ని సడలిస్తుందని, పోరాడి లాభం లేదనే నిస్పృహను నూరిపోస్తుందని, ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో సోషలిజం మీద బురద చల్లడానికి ఇదే పనికివచ్చిందని వాదిస్తారు. ఈ వాదనలో నిజం లేకపోలేదు. 1949లో వెలువడిన ఆర్వెల్ నవలను ఏ శక్తులు నెత్తిన పెట్టుకుని ఊరేగించాయో మనకు తెలుసు. అయినా శత్రువు వాడుకున్నాడు గనక ఒక ప్రక్రియనే వదిలేయడం విమర్శ అనిపించుకోదు. ఈ నవలల్లో ఒక విషయం మళ్ళీ మళ్ళీ వస్తుంది: తనలా లేనివాణ్ణి చూసి సమాజం భయపడడం, ఆ భయానికి చట్టం ఆయుధం అందించడం. ఆ భయం ఎక్కడ పుడుతుంది, ఎవరికి పనికివస్తుంది అన్నది మనం వేయవలసిన ప్రశ్నే. దానికి జవాబు వెతుకుతూ పోతే నవలలోంచి మన తెలంగాణ చట్టాల పుస్తకంలోకి రావలసి వస్తుంది.

నేను నస్పూరులో పాఠాలు చెప్పి బతికేవాణ్ణి. శ్రీరాంపూర్ గనుల్లో పనిచేసే కార్మికుల పిల్లలు కొందరు సాయంత్రాలు కూడి పుస్తకాలు చదువుకుంటారు. జాన్ విండమ్ 1955లో ప్రచురించిన ‘ది క్రిసలిడ్స్’ అనే నవలను మేము వారానికి కొంతగా చదివాం. నేను ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పేవాణ్ణి, వాళ్ళు అడ్డుతగిలి వాదించేవాళ్ళు. ఈ వ్యాసంలోని ముఖ్యమైన ప్రశ్న ఆ వాదనల్లో పుట్టిందే.

కథ జరిగేది లాబ్రడార్ ప్రాంతంలో. ఎన్నో తరాల క్రితం జరిగిన మహావినాశనాన్ని జనం దేవుడు వేసిన శిక్షగా తలుస్తుంటారు. అది అణుయుద్ధమని పాఠకుడికి మాత్రం అర్థమవుతుంది. మనిషి ఎలా వుండాలో, చేతికి ఎన్ని వేళ్ళుండాలో అక్కడి మతం నిర్వచించి పెట్టింది. ఆ నిర్వచనానికి లొంగని పైరును తగలబెడతారు, పశువును చంపుతారు, మనిషిని పొలిమేరల అవతలి అడవిలోకి తరుముతారు. కాలికి ఆరు వేళ్ళున్న సోఫీ అనే చిన్నపిల్ల తడి పాదముద్ర రాతిమీద పడినందుకు ఆ కుటుంబమంతా ఊరు వదిలి పారిపోవలసి వస్తుంది.

ఇదే నవలలో ఒక చిన్న ఘట్టం వుంది. మామూలు గుర్రాలకు రెట్టింపు వుండే పెద్దగుర్రాలు ఊళ్ళోకి వస్తాయి. ఇవి దేవుడు చేసినవి కావు, చంపమని ఊరిపెద్ద అంటాడు. కాని ప్రభుత్వం వాటికి ఆమోదముద్ర వేసింది. రెండు గుర్రాల పని ఒకటి చేస్తుంది మరి! ఆరో వేలు పాపం, పెద్దగుర్రం లాభం. పవిత్రత అనే మాట కింద వున్న లెక్కల పుస్తకాన్ని విండమ్ ఇక్కడ తెరిచి చూపించాడు. భయం దానంతటది ఊళ్ళో మొలవలేదు. ముందు ఒక నిర్వచనం, తర్వాత తనిఖీదారు, ఆపైన ఒక జాబితా వచ్చాయి. వీటి వెనకనే భయం నడిచింది.

ఇక మన కథకు వద్దాం. 1329 ఫస్లీలో, అంటే 1919లో, నిజాం రాజ్యం నపుంసకుల చట్టమొకటి చేసింది. ఆ పేరులోనే అవమానం వుంది. హైదరాబాదు నగరంలోను, ప్రభుత్వం పేర్కొన్న ఇతర చోట్ల కూడా నివసించే హిజ్రాలలో, మగపిల్లలను ఎత్తుకుపోతారనో, వారి అంగాలు తీసేస్తారనో, ప్రకృతి విరుద్ధమైన నేరాలు చేస్తారనో అనుమానమున్నవారి పేర్లు ఒక రిజిస్టరులో ఎక్కించాలన్నది ఆ చట్టం. నేరం రుజువు కానక్కరలేదు, అనుమానం చాలు. రిజిస్టరుకెక్కిన వ్యక్తి ఆడబట్టలు కట్టి, నగలు పెట్టుకుని వీధిలో కనబడితే, నలుగురి ముందు పాడినా ఆడినా, వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ళ దాకా జైలు వేయవచ్చు. పదహారేళ్ళ లోపు మగపిల్లవాడు వాళ్ళ ఇంట్లో వుంటే అదీ నేరమే. చీర కట్టడమే నేరమైన రాజ్యాన్ని ఏ నవలాకారుడైనా ఊహించి రాస్తే అతిశయోక్తి అనేవాళ్ళం.

దీని మాతృక బ్రిటిషువాళ్ళు 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టం. దానికి రెండు భాగాలు. మొదటిది కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసింది. మన ఎరుకలవారి కోసం 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటు వెలిసింది ఈ మార్గంలోనే. రెండో భాగం హిజ్రాలను రిజిస్టరులో చేర్చమన్నది. 1911లో కొత్త చట్టం చేసినప్పుడు బ్రిటిషు ప్రభుత్వం ఆ రెండో భాగాన్ని వదులుకుంది. సామ్రాజ్యం పారేసిన సంకెలను ఫ్యూడల్ రాజ్యం ఏరుకుని తన ప్రజల కాళ్ళకు వేసింది. 1948లో నిజాం పోయాడు. 1952లో నేరస్థ జాతుల చట్టం రద్దయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, 2014లో తెలంగాణ వచ్చింది. ఈ చట్టం మాత్రం పేరులో ప్రాంతం మార్చుకుంటూ, ఎవరి కంటా పడకుండా 2023 దాకా పుస్తకంలోనే వుంది.

వాడుకలో లేని చట్టం పుస్తకంలో వుంటే ఏమిటి నష్టం అనవచ్చు. 2018 మే నెలలో తెలంగాణ అంతటా పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్ సందేశాలు వ్యాపించాయి. అవి మా కాలనీ ఫోన్లకూ వచ్చాయి. మే 26 రాత్రి హైదరాబాదు చాంద్రాయణగుట్టలో, పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ళన్న అనుమానంతో గుంపు ఒక ట్రాన్స్ మహిళను కొట్టి చంపింది. ఆమెతో వున్నవారు గాయపడ్డారు. ఆ గుంపులో ఒక్కరైనా 1329 ఫస్లీ చట్టం చదివివుండరు. అయినా వాళ్ళ నోట వచ్చిన నేరారోపణ ఆ చట్టంలో రాసిందే. తొంభైతొమ్మిదేళ్ళ క్రితం దర్బారు కాగితంమీద పెట్టిన అనుమానం తల్లులు పిల్లలను బెదిరించే మాటగా మారి, చివరికి ఫోనులోకి వచ్చి కూర్చుంది. పాలకవర్గపు భావాలు సమాజపు భావాలవుతాయని మనం పాఠం చెబుతుంటాం. అది ఎలా జరుగుతుందో చూడాలంటే ఇంతకంటె వేరే ఉదాహరణ అక్కరలేదు.

ఈ భయం ఒక్కరితో ఆగేది కూడా కాదు. 2022 జనవరిలో మాకు పొరుగునే వున్న జగిత్యాలలో, మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రిని, ఆయన ఇద్దరు కొడుకులను చంపారు. పేరు మారుతుంది, పద్ధతి మారదు. రోగానికి ఆసుపత్రి లేనిచోట, కాంట్రాక్టు కూలికి రేపటి పని మీద భరోసా లేనిచోట, కష్టానికి కారణం ఎవరని అడిగితే చేతికందేవాణ్ణే చూపిస్తారు. గనిలో గాలి ఆడకపోతే మేనేజ్‌మెంటును అడగడానికి సంఘం కావాలి. పక్కింటివాణ్ణి కొట్టడానికి సంఘం అక్కరలేదు.

మన సంప్రదాయంలోనే వీళ్ళంటే ద్వేషం వుందని కొందరంటారు. అదీ సరికాదు. శ్రీరామనవమి నాడు వేములవాడలో సీతారాముల కల్యాణం జరుగుతూ వుండగా హిజ్రాలు, జోగినులు శివుణ్ణి పెళ్ళాడడం కరీంనగరం ప్రాంతమంతటికీ తెలిసినదే. ఆనాడు వాళ్ళ చేతి అక్షింతల కోసం తల వంచే మనుషులే, మర్నాడు మంచిర్యాల స్టేషనులో చప్పట్లు వినబడగానే పిల్లలను ఒడిలోకి లాక్కుంటారు. గుడిలో దైవాంశ, రైలులో దొంగ. మధ్యలో మనిషిగా నిలబడడానికి మాత్రం వాళ్ళకు చోటు లేదు.

మళ్ళీ నవలకు వస్తాను. కథానాయకుడు డేవిడ్, అతని మిత్రులు పైకి అందరిలాగే వుంటారు. మాట లేకుండానే ఒకరి మనసు ఒకరితో మాట్లాడగల శక్తి వాళ్ళకుంది. చివర సముద్రాలవతలి దేశంనుంచి అదే శక్తి వున్నవాళ్ళు విమానంలో వచ్చి వాళ్ళను కాపాడి తీసుకుపోతారు. తరుముకొచ్చినవాళ్ళూ, అడవిలోకి తరిమివేయబడినవాళ్ళూ అందరూ అక్కడే చస్తారు. పాతజాతి నశించక తప్పదని వచ్చినామె ఉపన్యాసం కూడా ఇస్తుంది. ఇది చదువుతున్నప్పుడు మా విద్యార్థినులలో ఒకామె అడిగింది: “మరి ఆరు వేళ్ళ పిల్లను ఎవరూ తీసుకుపోలేదేం సార్?”

నవలకు గుండెలో గుచ్చుకునే ప్రశ్న ఇది. సోఫీకి ఏ అద్భుతశక్తీ లేదు. ఒక వేలు ఎక్కువ, అంతే. ఆమె పొలిమేరల పోరులోనే చనిపోతుంది, విమానం ఆమె కోసం రాదు. వేరుగా వున్నవారి పక్షాన నిలబడినట్టు కనబడే రచయిత, ఆఖరి అధ్యాయానికి వచ్చేసరికి ఉన్నతుడైన భిన్నుణ్ణి రక్షించి మామూలు భిన్నుణ్ణి చావనిచ్చాడు. పెద్దగుర్రానికి ప్రభుత్వం వేసిన ఆమోదముద్రనే తానూ వేశాడు. ఈ ప్రక్రియలో చాలా రచనలకు ఈ జబ్బు వుంది. వేటాడబడేవాడికి ఏదో మహత్తు అంటగడితే తప్ప పాఠకుడి సానుభూతి దక్కదని రచయిత భయపడతాడు. ప్రయోజనాన్నిబట్టి మనిషికి విలువకట్టే బూర్జువా నీతికి ఇది మరో రూపం.

మా ప్రాంతంలో ఒక గని కార్మికుడి కుటుంబం నాకు తెలుసు. తండ్రి ఉద్యోగం వారసత్వంగా కొడుక్కు వస్తుందని ఇంటిల్లిపాదీ ఆశపెట్టుకున్నారు. ఆ కొడుకు తాను కూతురినని చెప్పిననాడు ఇంట్లో ఏడ్చింది మొదట ఆ ఉద్యోగం కోసం. చదువుకునేచోట తోటివాళ్ళ వెక్కిరింత, ఇంట్లో దెబ్బలు భరించలేక ఆమె ఇంటర్ మధ్యలోనే ఊరు వదిలిపోయింది. పండక్కి వస్తుంది, చీకటి పడ్డాక. తెల్లవారకముందే రైలెక్కుతుంది. ఆమె దగ్గర ఏ అద్భుతశక్తీ లేదు. లెక్కలు బాగా చేసేది. లెక్కలు రాకపోయినా ఆమెకు పగటిపూట ఇంటికి వచ్చే హక్కు వుండాలి.

మన సోఫీల కోసం విమానమేదీ రాలేదు. వాళ్ళే కదిలారు. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ట్రాన్స్ వ్యక్తుల హక్కులను గుర్తించింది. 2018లో వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు కలిసి 1329 ఫస్లీ చట్టం మీద హైకోర్టుకు వెళ్ళారు. అదే సంవత్సరం చివర జరిగిన ఎన్నికల్లో బహుజన లెఫ్ట్ ఫ్రంట్ తరఫున చంద్రముఖి మువ్వల గోషామహల్‌లో పోటీచేసింది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఆసరా పింఛను వీరికీ వర్తింపజేయమన్నది. 2024 డిసెంబరులో హైదరాబాదు నగరంలో 39 మంది ట్రాన్స్ వ్యక్తులు ట్రాఫిక్ సహాయకులుగా చేరారు. ఒకప్పుడు ఏ వీధిలో కనబడితే పట్టుకుపొమ్మని చట్టం చెప్పిందో, ఆ వీధిలోనే వాళ్ళు చెయ్యెత్తి బండ్లను ఆపారు. సంతోషించవలసిన విషయమే. అయితే పెద్దగుర్రాన్ని మరిచిపోకూడదు. ఉద్యోగానికి పనికివచ్చారు గనక మనుషులని ఒప్పుకోవడం వేరు, మనుషులు గనక ఉద్యోగం ఇవ్వడం వేరు.

ఈ విషయంలో వామపక్షం చేతులు కడుక్కుని కూర్చునే వీలులేదు. జారు కాలపు శిక్షాస్మృతిలో వున్న స్వలింగ సంపర్క నిషేధాన్ని సోవియట్ రష్యా 1922 శిక్షాస్మృతిలో వదిలేసింది. 1934లో అదే నిషేధం తిరిగి వచ్చింది. విప్లవం తెరిచిన తలుపును విప్లవం పేరుతోనే మూశారు. అందువల్ల అధికారం చేతులు మారితే జాబితా దానంతటదే చిరిగిపోతుందని నమ్మడం తగదు. దాన్ని పనిగట్టుకుని చింపాలి.

2019లో పార్లమెంటు చేసిన చట్టం ట్రాన్స్ వ్యక్తులను గుర్తింపు పత్రం కోసం జిల్లా మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళమన్నది. మంచిర్యాల జిల్లాకు ఆ కార్యాలయం మా నస్పూరులోనే వుంది. ఊరు వదిలి చీకట్లో వచ్చిపోయే మనిషి పట్టపగలు ఆ మెట్లెక్కాలంటే పక్కన నలుగురు నడవాలి. గేటు మీటింగుల్లో బోనసు గురించి, వారసత్వ ఉద్యోగాల గురించి గొంతెత్తే మన సంఘాలు ఈ మాట కూడా ఎత్తాలి. తరగతి గదిలో నడకను చూసి నవ్వే పిల్లవాణ్ణి ఉపాధ్యాయుడు అక్కడే ఆపాలి. విమర్శకుడు నవల మూసేముందు విమానం ఎక్కినవారి పేర్లతోబాటు ఎక్కనివారి పేర్లు కూడా అడగాలి.