వెలివీధి కబుర్లు – 23: పంచదార లేని టీ

పోయిన ఆదివారం పోస్టు ఎందుకు పెట్టలేదని కొందరు మిత్రులు ఇన్‌బాక్స్‌లో అడిగారు. కాలి మీద చిన్న పుండు. చెప్పు కరిచిందనుకున్నాను. పది రోజులైనా మానకపోతే విజయనగరం వెళ్ళి రక్తం ఇచ్చాను. హెచ్‌బీఏ1సీ 9.8 వచ్చింది. 6.5 చేరితేనే షుగర్ కింద లెక్క. ముందు రోజు పస్తుండి ఈ పరీక్షని మోసం చేద్దామంటే కుదరదు. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, బతికినన్నాళ్ళూ చక్కెర దానికి అంటుకుంటూనే ఉంటుంది. మూడు నెలల మన బతుకంతా అందులో రాసి ఉంటుంది.

రోజుకి ఎన్ని టీలని డాక్టర్ అడిగితే ఆరు అన్నాను. అబద్ధం కాదు, అలాగే అనుకునేవాణ్ణి. ఇంటికొచ్చి మర్నాడు లెక్కపెడితే పదకొండు. మీటింగున్న రోజు ఇంకా ఎక్కువ. టీకి రెండు చెంచాలు, చెంచాకి నాలుగు గ్రాములు వేసుకున్నా 88 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దమనిషికి రోజుకి 50 గ్రాముల లోపుండాలి, 25కి దిగితే ఇంకా మంచిది. నేను టీలోనే అన్నీ దాటేశాను. స్వీట్లు తిననని గొప్పలు చెప్పుకునేవాణ్ణి కూడా.

మానేద్దామనుకున్నాను. మూడో రోజుకి తలనొప్పి, ఊరికే కోపం. నాలుగో రోజు రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో పంచదార డబ్బా తడుముతున్నాను. చక్కెరది వ్యసనమా కాదా అని వైద్యుల్లో వాదన ఇంకా తెగలేదు, వాళ్ళ జబ్బుల జాబితాలో దానికి పేరు లేదు. నాకు ఆ వాదనతో పనిలేదు. మా నాయనమ్మ అడ్డచుట్ట తాగేది, నిప్పున్న కొస నోట్లోకి పెట్టి. చుట్ట దొరకని పూట ఆమె చేతులు చూరులో, కొంగుముడిలో ఎలా వెతికేవో, ఆ రాత్రి నా చేతులూ అలాగే వెతికాయి.

ఈ అలవాటు మా అమ్మ దగ్గర మొదలైంది. తప్పు ఆమెది కాదు. రామతీర్థం చుట్టుపక్కల పొలాల్లో ఊడ్పులకి, కోతలకి వెళ్ళేది. చోడి అంబలి ఉన్న రోజు అంబలి, లేని రోజు టీనీళ్ళు. కోటాలో బియ్యం అయిపోయినా అరకిలో పంచదార కొన్నాళ్ళు మిగిలేది. పాలు లేని టీలో నాలుగు చెంచాలేసి మా నలుగురికీ పోసేది. రెండు గంటలు ఆకలి తెలియదు, తర్వాత రెండింతలు వేస్తుంది. అప్పటికి బడి గంట కొట్టేసేవారు. నెల్లిమర్ల జూట్ మిల్లు షిఫ్టు దిగి నాన్న తాగేదీ అదే. బలిసినవాళ్ళకొచ్చే జబ్బని షుగర్ గురించి ఇప్పటికీ అంటుంటారు. మా వీధిలో ఒక్క బొజ్జ చూపించండి.

దీని వెనక సంగతి ఉంది. పూణేలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఆయన తోటివాళ్ళు మన దేశపు పసిపిల్లల్ని కొలిచారు. బరువు తక్కువ, కండ తక్కువ, కొవ్వు మాత్రం తెల్లోళ్ళ పిల్లలతో పోలిస్తే పాలు ఎక్కువ. కడుపులో ఉన్నప్పుడే తిండి చాలని బిడ్డ ఒళ్ళు, ఉన్నదాన్ని దాచుకోవడం నేర్చుకుని పుడుతుంది. అలాంటి ఒంట్లోకి పంచదార పోస్తే? పంచదారలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. ఫ్రక్టోజులో ఎక్కువ భాగం కాలేయానికే వెళ్తుంది, మిగులు అక్కడ కొవ్వవుతుంది. ఇన్సులిన్ ఎంత తలుపు కొట్టినా ఒళ్ళు తియ్యదు. రక్తంలో మిగిలిపోయిన చక్కెర కళ్ళనీ, మూత్రపిండాల్నీ, కాళ్ళ నరాల్నీ తింటూ పోతుంది. మా అమ్మ కాల్లో తుమ్మముల్లు దిగితే ఆమెకి తెలియలేదు. వాసన వచ్చాక తెలిసింది. మోకాలి కింద దాకా తీసేశారు. అమ్మని కన్నది పస్తులతో పనిచేసిన మా అమ్మమ్మ. ఆమె ఆకలి ఈ కాలి దాకా వచ్చింది.

చెరకుతో మన జనం సంబంధం ఇవాళ్టిది కాదు. బానిసత్వం రద్దయ్యాక తెల్లదొరల తోటలకి కూలీలు కావలసొచ్చి, మన తీరం నుంచి ఓడలెక్కించారు. మారిషస్‌లో తెలుగువాళ్ళకి కోరంగి రేవు పేరు మీద ‘కోరింగీ’లన్న పేరు పడింది. మద్రాసులో బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. తర్వాత ఫిజీ. వెళ్ళినవాళ్ళలో మాలమాదిగలు తక్కువేం కాదు. ఇవాళ షుగర్ జబ్బు బాగా ఎక్కువున్న దేశాల్లో మారిషస్, ఫిజీ రెండూ ఉన్నాయి.

బాబాసాహెబ్‌కి షుగర్ అని మనలో ఎంతమందికి గుర్తు? 1948 ఏప్రిల్ 15న డాక్టర్ శారదా కబీర్‌ని పెళ్ళాడేనాటికే జబ్బుంది, కాళ్ళనొప్పులు, నిద్రలేమి. 1951 ఆగస్టు 10న నెహ్రూకి ఉత్తరం రాస్తూ, తన ఆరోగ్యం తననీ డాక్టర్లనీ కలవరపెడుతోంది, హిందూ కోడ్ బిల్లు త్వరగా చేపట్టండి అని అడిగారు. దీక్ష తీసుకుని రెండు నెలలు కాకుండానే, 65 ఏళ్ళకే వెళ్ళిపోయారు. మనం విగ్రహం చూపుడువేలు చూస్తాం, కాళ్ళు చూడం. జయంతికి కేకు కోసి పిల్లలకి కూల్‌డ్రింకులు పంచుతాం. పావులీటరు కోలాలో పాతిక గ్రాముల పైనే పంచదార. పోయిన ఏడాది పంచినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మా ఊరి గురుభక్తుల కొండ మీద ఒకప్పుడు బౌద్ధ భిక్షువులుండేవారు. వాళ్ళ వినయ నియమాల్లో ఐదు మందులున్నాయి: నెయ్యి, వెన్న, నూనె, తేనె, ఫాణితం. ఫాణితమంటే చెరకు పాకం. జబ్బు చేస్తే తీసుకోవచ్చు, ఏడు రోజులకి మించి దాచుకోకూడదు. కోటా డబ్బా నిండితే పండగనుకున్న ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ నియమం చదివి చాలాసేపు ఆగిపోయాను.

డాక్టర్‌కి చెప్పలేని చిక్కు ఒకటుంది. కుర్రతనంలో ఒక ఊరి టీబడ్డీలో మాకు విడిగా గ్లాసులుండేవి, చూరులో బోర్లించి. తాగి మేమే కడిగి పెట్టాలి. గొడవ చేశాం, పోలీసుల దాకా వెళ్ళాం. చివరికి అందరి గ్లాసులోనే పోసిన రోజు మేం తొమ్మిదిమందిమి వరసగా రెండేసి టీలు తాగాం. ఆ తీపి నాలుక మీద ఇప్పటికీ ఉంది. అలాంటి టీని వద్దనడం ఎలా?

రిపోర్టు వచ్చిన ఐదో రోజు రెల్లివీధిలో పింఛన్ల పని మీద ఒక పెద్దావిడ ఇంటికెళ్ళాను. గ్లాసు తెచ్చింది. వద్దమ్మా అన్నాను. ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. నేను మాలోణ్ణి. మా వీధి జనం వాళ్ళిళ్ళలో నీళ్ళు ముట్టుకోకపోవడం నా చిన్నప్పుడు కళ్ళారా చూశాను. మా నాయనమ్మే ముట్టుకునేది కాదు. ఆవిడకది గుర్తుంది.

"ఏటి బావూ, మా ఇంట తాగవేటి?" అంది.

"సుగరొచ్చిందమ్మా."

కాసేపు నా మొహం చూసి నమ్మింది. చీర కాస్త పైకి లాగి పాదం చూపించింది. బొటనవేలు నల్లబడి ఉంది. "నాకూ ఉన్నాది. బిళ్ళలేసుకుంతన్నాను." మరి టీలో పంచదారెందుకమ్మా అంటే, "అదినేని టీ మనిసికిత్తామేటి?" అంది.

సగం తాగాను. తాగకూడదని తెలిసే తాగాను. వేలు ఎన్నాళ్ళుగా అలా ఉందని అడిగితే కార్తీకం నుంచి అంది. పుండున్న కాలుతో నేనూ, నల్లబడ్డ వేలితో ఆవిడా సోమవారం ఆస్పత్రికి వెళ్తున్నాం. ఆదివారం పొద్దున్నే ఆ వీధికి గ్లూకోమీటర్ పట్టుకెళ్తాను. స్ట్రిప్పులు పాతికే ఉన్నాయి, ఇళ్ళు నలభై.