నష్టపరిహారము అడుగవచ్చునా?

2017 ఫిబ్రవరిలో, మా పల్నాడులో మిరప కోతల కాలమున, తాపీ పని ముగించుకొని సైకిలు మీద ఇంటికి వస్తున్న మా పెద్దవాడిని ట్రాక్టరు గుద్దింది. కుడికాలు మోకాలి క్రింద రెండు చోట్ల విరిగింది. ట్రాక్టరు మా సంఘములోని సహోదరునిదే. నడిపినది ఆయన కుమారుడు. పదిహేడేళ్లవాడు, లైసెన్సు లేదు.

ఆ రాత్రే ఆ సహోదరుడు ఆసుపత్రికి పరుగెత్తుకొని వచ్చి, మా చేతులు పట్టుకొని ఏడ్చాడు. 10,000 రూపాయలు ఇచ్చాడు. క్షమించామని చెప్పాము. మనస్ఫూర్తిగానే చెప్పాము. ఆపరేషను చేసి కాలిలో రాడ్డు వేశారు. ఆరు నెలలు మంచమే. అప్పు 1,40,000కు చేరింది. కోడలు చంటిబిడ్డను మాకు అప్పగించి మిరప కూలికి పోయేది.

పోలీసులు వాంగ్మూలము వ్రాసుకొనేందుకు వస్తారనగా ఆయన మరల వచ్చాడు. "అన్నయ్యా, వదినా, బండి నేనే నడిపానని చెప్పండి. నాకు లైసెన్సు ఉంది. ఇన్సూరెన్సు వాళ్లు మీకు డబ్బు ఇస్తారు, నా బిడ్డ బయటపడతాడు. ఇందులో ఎవరికి నష్టము?" అన్నాడు. రెండు రాత్రులు మాకు నిద్ర లేదు. అబద్ధమాడితే మాకే లాభము, ఆయనకూ లాభమే. అయినను మేము, మా పెద్దవాడు కలిసి ప్రార్థించి, నిజమే వ్రాయించాము.

ఇక సంఘ పెద్దలలో కొందరిది వేరే అభ్యంతరము. మొదటి కొరింథీయులకు 6వ అధ్యాయము చూపించి, సహోదరుని మీద కోర్టుకు ఎక్కుతారా అన్నారు. ఆ మాటను మేము తేలికగా తీసుకోలేదు, ఏడాది పాటు వెనుకాడాము. కాని నిర్గమకాండము 21వ అధ్యాయములో, గొయ్యి త్రవ్వి కప్పక విడిచినవాడు అందులో పడి చచ్చిన ఎద్దుకు వెల ఇచ్చుకోవాలని ఉన్నది. పగతో త్రవ్వాడా అన్న ప్రశ్నే అక్కడ లేదు. ఎద్దుకే అంత న్యాయముంటే మా బిడ్డ కాలికి లేదా అనుకున్నాము.

జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్తే, మా ఆదాయము తక్కువ గనుక ఉచితముగా వకీలును ఇచ్చారు. (స్త్రీలకైతే ఆదాయముతో పని లేదు.) 1988 మోటారు వాహనాల చట్టము క్రింద ప్రమాదాల ట్రిబ్యునలులో క్లెయిము వేయాలని, రోడ్డు మీద పోయేవారికి కలిగే హాని కోసమే ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి చేశారని ఆ వకీలుగారు విడమరచి చెప్పారు. మరి లైసెన్సు లేదు గదా అని అడిగాము. 2004లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును బట్టి, కంపెనీ ముందు బాధితునికి చెల్లించి, తరువాత యజమాని వద్ద రాబట్టుకొనమని ట్రిబ్యునలు ఆజ్ఞాపించవచ్చునట. ఆ రెండవ మాట విని మేము ఒకరి ముఖము ఒకరము చూసుకున్నాము.

అప్పట్లో గడువు లేదు గనుక మా ఆలస్యము చెల్లింది. 2022 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చిన సవరణ, ప్రమాదము జరిగిన ఆరు నెలల లోపలే క్లెయిము వేయాలంటున్నది. మావలె కూర్చోవద్దు. ఎఫ్.ఐ.ఆర్. నకలు, గాయాల సర్టిఫికెట్టు, డిశ్చార్జి కాగితము, మందుల చీటీలు అన్నీ దాచుకోండి. మేము కొన్ని బిల్లులు పారేసుకొని, ఆ సొమ్ము పోగొట్టుకున్నాము.

డాక్టర్లు 30 శాతము వైకల్యమని వ్రాశారు. కుర్చీలో కూర్చొని పని చేసేవానికి 30 శాతము వేరు, పరంజా ఎక్కవలసిన తాపీ మేస్త్రికి వేరు. శరీరములోని లోపాన్ని కాదు, దాని వలన పోయిన సంపాదనను లెక్కించాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పినదట. వకీలుగారు దానిని పట్టుకొనే వాదించారు.

2019లో వడ్డీతో కలిపి 4,80,000 వచ్చింది. అప్పు తీర్చి, ఇంటి ముందు మావాడికి సిమెంటు, ఇనుము కొట్టు పెట్టించాము. కంపెనీ నోటీసు వచ్చి, ఆ సహోదరుడు అరెకరము అమ్ముకున్నాడు. కొంత మేము ఇస్తామని వెళ్లాము. వద్దన్నాడు. చాలాకాలము మందిరములో మా వరుసలో కూర్చోలేదు.

ఆయన కుమారుడు పద్దెనిమిదేళ్లు నిండగానే లైసెన్సు తీసుకున్నాడు. కొట్టుకు సిమెంటు లోడు వాడే తెస్తున్నాడు. బస్తాలు దింపేటప్పుడు మావాడిని చెయ్యి వేయనివ్వడు.