రోళ్లపాడు గడ్డి చెప్పే కబుర్లు

కొండలు, జలపాతాలు కోరుకునే వారికి రోళ్లపాడు నిరాశే మిగులుస్తుంది. నంద్యాల జిల్లాలో నందికొట్కూరుకు చేరువలో ఉన్న ఈ అభయారణ్యంలో అరణ్యమే కనిపించదు. ఉన్నదల్లా గడ్డి, ముళ్ల పొదలు, వాటి మధ్య కృష్ణజింకల మందలు. బట్టమేక పిట్ట కోసం 1988లో 614 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించారు. ఆ తర్వాత చుట్టుపక్కలకు సాగునీరు వచ్చింది, జొన్న చేలల్లోకి వాణిజ్య పంటలు దిగాయి. మీటరు ఎత్తుండే ఆ పక్షి ఇక్కడ కనుమరుగైనట్టే. దేశం మొత్తమ్మీద స్వేచ్ఛగా తిరిగేవి 150కి మించవని అంచనా. వాటిలో అత్యధికం రాజస్థాన్‌లోనే ఉన్నాయి.

అయినా మైదానం మూగబోలేదు. వర్షాకాలం ఉదయాన ఏ పొద దగ్గర నిలబడినా గుప్పిట్లో ఇమిడే పిట్టల సందడి వినిపిస్తుంది. పురుగులు తిని బతికే ఈ ప్రినియాలు తొలిచూపులో ఒకేలా ఉంటాయి: మట్టి రంగు ఒళ్లు, పైకెత్తి ఆడించే పొడవాటి తోక. వాటిని పోల్చుకోవడానికి కళ్లు ఒక్కటే చాలవు, చెవులూ కావాలి.

ముళ్ల పొద కొసన కూర్చుని రెండు మూడు స్వరాలనే గట్టిగా, విడవకుండా వల్లించేది జంగిల్ ప్రినియా. మిగతా వాటికన్నా కాస్త పెద్దది, ముక్కు బలమైనది. కీచురాయిలా ఒకే తీరుగా గీపెట్టేది ప్లెయిన్ ప్రినియా. సన్నని ముక్కు, కంటిపై లేత గీత దాని గుర్తులు. బూడిదరంగు తల, కాషాయం కలిసిన పొట్టతో, ఎగిరేటప్పుడు టపటపమని చప్పుడు చేసేది యాషీ ప్రినియా. పొట్టి తోకను విసనకర్రలా విప్పి, 'జిట్ జిట్' అంటూ గాల్లో ఎగిరిపడేది మాత్రం ప్రినియా కాదు, దాని దగ్గరి చుట్టం సిస్టికోలా.

ఇదంతా కాలక్షేపం కాదు. జంగిల్ ప్రినియాకు ఎండిన పొదల నేల కావాలి. ప్లెయిన్ ప్రినియా ఏపుగా పెరిగిన గడ్డిలో, తేమ ఉన్న చేలగట్లపైనా సర్దుకుంటుంది. సిస్టికోలాకు చెట్లు లేని పచ్చిక ఇష్టం. అంటే ఏ పిట్ట ఎక్కడ పాడుతోందో తెలిస్తే నేల ఎటు మారుతోందో తెలిసినట్టే.

ఇలాంటి నేలలకు ప్రభుత్వ రికార్డుల్లో తరచూ దక్కే పేరు బంజరు. దున్నినా, పచ్చదనం పేరిట మొక్కలతో నింపినా అడిగేవారు తక్కువ. బట్టమేక పిట్ట పెద్దది కాబట్టి, అది లేని లోటు అందరికీ తెలిసింది. ప్రినియాల విషయంలో ఆ అవకాశం ఉండదు. పేరు తెలియని పిట్ట పోయినా, పోయిందని ఎవరికీ తెలియదు.